షియా వీరగాథలు ఎక్కడ పుట్టాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏ కథల గురించి ఈ చర్చ?

ప్రవక్త తర్వాత నాయకత్వం అలీకీ ఆయన వంశానికే చెందాలన్నవారు షియాలు. వారి వీరగాథల వేళ్లు తొలి షియా వర్గాల్లో, ముఖ్యంగా కైసానీలనే గుంపులో ఉన్నాయని అంటుంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందన్నదే చర్చ. ప్రధానంగా నాలుగు కథలు: అమీర్ హంజా కథ, మహమ్మద్ హనఫియా కథ, ముఖ్తార్ కథ, అబూ ముస్లిం కథ. వీటి పక్కనే ప్రవక్త మనవడు హుస్సేన్ హతుడైన కర్బలా వృత్తాంతం, ప్రవక్త అల్లుడు అలీ యుద్ధగాథలు నడుస్తాయి. పారసీలో వీటిని దాస్తాన్ అనీ నామా అనీ అంటారు. అరబ్బీలో వీరమరణ వృత్తాంతానికి మఖ్తల్ అని పేరు. మలయ్‌లో హికాయత్, దక్కనీలో జంగ్‌నామా. పేరేదైనా ఇవన్నీ జనం మధ్య కూర్చుని రోజుల తరబడి వినిపించడానికి కట్టినవి. మన బుర్రకథ, ఒగ్గుకథ తెలిసినవారికి వీటి నడక కొత్తగా అనిపించదు.

నాయకులు మాత్రం కల్పితం కాదు. హంజా ప్రవక్త చిన్నాన్న, 625లో ఉహుద్ యుద్ధంలో మరణించారు. ముఖ్తార్ 687లో ఇరాక్‌లోని కూఫాలో చనిపోయాడు. మహమ్మద్ హనఫియా మరణం 700లో. అబూ ముస్లింను 755లో ఖలీఫా మన్సూర్ చంపించాడు. మనుషులు నిజం, తేదీలు నిజం. వాళ్ల చేత కథ చేయించిన పనులే పెరుగుతూ పోయాయి.

‘తొలి షియా’ అంటే ఏ కాలం?

ఇక్కడ ఆ మాటను 680 నుంచి సుమారు 9వ శతాబ్దం చివరి దాకా వాడుతున్నాం. అలీతో మొదలయ్యే పన్నెండు ఇమాముల (మత నాయకుల) లెక్క అప్పటికి ఇంకా స్థిరపడలేదు. అలీ వంశంలో నాయకుడు ఎవరన్న దానిపై ఒక్కో గుంపుది ఒక్కో మాట.

వరుస ఇది. హిజ్రీ 61 ముహర్రం 10న, అంటే 680 అక్టోబరు 10న, కర్బలా. 685 జనవరిలో సులైమాన్ బిన్ సురద్ వెంట బయల్దేరిన ‘తవ్వాబూన్’, అంటే హుస్సేన్‌కు తోడు రాలేదని పశ్చాత్తాపం చెందినవారు, ఐనుల్ వర్దా దగ్గర దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. అదే ఏడాది అక్టోబరులో హుస్సేన్ పగ తీరుస్తానంటూ లేచిన ముఖ్తార్ కూఫాను పట్టుకున్నాడు. 686 ఆగస్టులో అతని సేనాని ఇబ్రాహీం బిన్ అష్తర్ ఖాజిర్ నది ఒడ్డున, కర్బలాకు సేనను పంపిన ఉబైదుల్లా బిన్ జియాద్‌ను చంపాడు. 687 ఏప్రిల్‌లో ముఖ్తార్ కూడా హతుడయ్యాడు. ఈ ఏడేళ్లలోనే మన కథలకు కావలసిన ముడిసరుకు అంతా ఉంది: దాహం, ద్రోహం, పశ్చాత్తాపం, పగ.

కైసానీలు ఎవరు? ప్రతి పరిశోధకుడూ వాళ్ల పేరే ఎందుకు ఎత్తుతాడు?

అలీకి ఫాతిమా వల్ల కలిగినవారు హసన్, హుస్సేన్. మహమ్మద్‌ కూడా అలీ కొడుకే, కానీ తల్లి వేరు. ఆమె బనూ హనీఫా తెగకు చెందిన ఖౌలా. అందుకే ఆయనకు ‘హనఫియా కొడుకు’ అని పేరు. ఆయన కర్బలాకు వెళ్లలేదు, మదీనాలోనే ఉండిపోయారు. కూఫాలో ముఖ్తార్ ఆయన పేరు మీదే తిరుగుబాటు లేపి, ఆయనే ‘మహదీ’, అంటే న్యాయం నిలబెట్టే రక్షకుడు, అని చాటాడు. ఆయన మాత్రం ఆ మాటను గట్టిగా ఒప్పుకోనూ లేదు, గట్టిగా కాదననూ లేదు. హిజ్రీ 66లో మక్కాను ఏలుతున్న ఇబ్న్ జుబైర్ ఆయన్ని జమ్‌జమ్ బావి దగ్గర నిర్బంధిస్తే, ముఖ్తార్ పంపిన మనుషులు కర్రలు పట్టుకుని వచ్చి విడిపించారు. పవిత్ర స్థలంలో కత్తి దూయకూడదని కర్రలు తెచ్చారంటారు.

ముఖ్తార్ రక్షకదళ నాయకుడు కైసాన్ అబూ అమ్రా. హనఫియానే నాయకుడన్న ఈ వర్గానికి కైసానీలు అన్న పేరు అతని వల్లే వచ్చిందన్నది ఎక్కువమంది చెప్పే మాట. ముఖ్తార్ బలగంలో ‘మవాలీ’లు, అంటే ఇస్లాం స్వీకరించిన అరబ్బేతరులు, చాలామంది. వాళ్లలో పారసీ మాట్లాడేవారికి కొదవ లేదు. ఈ కథలు తర్వాతి కాలంలో అరబ్బీ కన్నా పారసీలో ఎందుకు బాగా వేళ్లూనుకున్నాయో ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

700లో హనఫియా చనిపోయాక అనుచరుల్లో ఒక వర్గం ఆ మరణాన్ని నమ్మలేదు. ఆయన మదీనాకు పడమర యన్బూ వైపున్న రద్వా కొండలో దాగి ఉన్నారనీ, ఒక పక్క సింహం, ఒక పక్క చిరుత కాపలా కాస్తున్నాయనీ, పక్కనే నీటి ఊట, తేనె ఊట ఉన్నాయనీ, గుర్రపు దండుతో తిరిగి వస్తారనీ అన్నారు. 723లో మరణించిన కవి కుసయ్యిర్ ఈ నమ్మకాన్ని పద్యాల్లోకి ఎక్కించాడు. అంటే ఇది తర్వాతి తరాలు అతికించినది కాదు. హనఫియా పోయిన పాతికేళ్ల లోపే జనం నోట ఉన్న మాట.

ముఖ్తార్ కుర్చీ సంగతి నిజమేనా?

తబరీ (మరణం 923) రాసిన చరిత్రలో ఉంది. ఆ చరిత్ర మొత్తంలో ఇంత సూటిగా కొట్టొచ్చే ఘట్టాలు తక్కువే.

తుఫైల్ బిన్ జఅదా అనే అతనికి డబ్బుకు కటకటగా ఉంది. పక్కింటి నూనె వర్తకుడి దగ్గర మట్టిపేరుకున్న కుర్చీ ఒకటి కనిపించింది. దాన్ని తెప్పించుకుని, ఇందులో అలీ జ్ఞాపకం ఉందని ముఖ్తార్‌కు చెప్పాడు. కడిగితే లోపల మంచి కర్ర, ఏళ్లుగా నూనె తాగి నిగనిగలాడుతోంది. తుఫైల్‌కు 12,000 దిర్హాములు ముట్టాయి. ఆ కుర్చీకి పట్టు గుడ్డ కప్పి, కంచర గాడిద మీద ఎక్కించి యుద్ధానికి తీసుకెళ్లారు. ఇస్రాయేలీయులకు మందసం ఎలాగో మనకిది అలాగ అన్నారు.

ఈ కథ చెప్పింది ముఖ్తార్ అంటే గిట్టనివాళ్లు. కాబట్టి వెటకారం పాలు తీసేసి చదవాలి. అయినా ఒక సంగతి దొరుకుతుంది: 680ల్లోనే, పుస్తకం ఇంకా పుట్టకముందే, వస్తువు చుట్టూ కథ అల్లి జనాన్ని కదిలించడం కూఫాలో నడిచేది. వీరగాథకు విత్తనం పడే నేల అలాంటిది.

హనఫియా కథ చివర ఆయన గుహలో మాయమైపోతారు. అది కైసానీల నమ్మకమేనా?

ఈ కథల వేళ్లు కైసానీల్లో ఉన్నాయనడానికి బలమైన ఆధారం ఇదే. ప్రచారంలో ఉన్న కథలో హుస్సేన్ మరణవార్త విన్న హనఫియా సైన్యం కూర్చుకుని, కర్బలా నాటి ఖలీఫా యజీద్ మీదికి వెళ్తారు. గెలిచి, చెరలో ఉన్న హుస్సేన్ కొడుకు జైనుల్ ఆబిదీన్‌ను విడిపించి గద్దె మీద కూర్చోబెడతారు. ఆ తర్వాతా చంపుడు ఆపరు. ఇక చాలు అని అదృశ్యవాణి వినిపిస్తుంది. వినకుండా శత్రువులను తరుముతూ గుహలోకి దూరతారు. గుహ మూసుకుపోతుంది.

చరిత్రలో ఇందులో ఒక్క యుద్ధమూ జరగలేదు. యజీద్ 683 నవంబరులో మామూలుగానే చనిపోయాడు. పగ తీర్చుకున్నది ముఖ్తార్, అదీ యజీద్ పోయిన రెండేళ్లకు. కథకుడు ముఖ్తార్ చేసిన పనిని తీసి హనఫియా చేతిలో పెట్టాడు, రద్వా కొండను తీసి గుహగా చివర పెట్టాడు. ఇంకో సంగతి గమనించండి: గద్దె దక్కింది హనఫియాకు కాదు, జైనుల్ ఆబిదీన్‌కు. పన్నెండు ఇమాముల వరుసలో నాలుగోవారు ఆయనే. పాత కైసానీ గాథను తర్వాతివారు తమ సిద్ధాంతానికి సరిపడేలా సర్దిన కుట్టు అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కైసానీలు ఒక వర్గంగా 9వ శతాబ్దం నాటికే కనుమరుగయ్యారు. వాళ్ల గుహ మాత్రం మలక్కా దాకా వెళ్లింది. 1511లో పోర్చుగీసువాళ్లతో పోరుకు ముందు రాత్రి యోధులు సుల్తాను దగ్గరికి మనిషిని పంపి హనఫియా హికాయత్ అడిగారనీ, ఆయన ముందు హంజా హికాయత్ పంపాడనీ, వాళ్లు పట్టుబట్టాక అడిగిందే ఇచ్చాడనీ మలయ్ రాజవంశ చరిత్ర చెబుతుంది. బెంగాల్లో 1645లో మహమ్మద్ ఖాన్ రాసిన కావ్యంలోనూ హనీఫా పగ ఉంది.

అయితే ఈ కథలు నేరుగా కైసానీల నుంచే వచ్చాయని రాసేయవచ్చా?

రాయకండి. కుసయ్యిర్ పద్యాలకూ, ఇప్పుడు మనకు దొరికే పారసీ గాథలకూ మధ్య కొన్ని వందల ఏళ్ల ఎడం ఉంది. ఆ నడుమ కథ నోటిమాటగా నడిచింది, రాతలో గొలుసు తెగింది. ‘కైసానీ జ్ఞాపకం ఇందులో మిగిలింది’ అనడం సబబు. ‘కైసానీలు రాసిన కావ్యం’ అనడం తప్పు. పైగా మాయమై తిరిగి వచ్చే నాయకుడు కనిపించిన ప్రతిచోటా కైసానీ ముద్ర వేయడం ఒక జబ్బులా పాకింది. గుహతో పాటు హనఫియా పేరు, కర్బలా పగ, సింహమో ఊటో కొండో, వీటిలో కనీసం రెండు కలిసి వస్తేనే ఆ మాట ఎత్తండి.

అబూ ముస్లిం ఈ జాబితాలోకి ఎలా వచ్చాడు? అతను అబ్బాసీల మనిషి కదా?

మెలిక అక్కడే ఉంది. యజీద్ వంశమైన ఉమయ్యాలను కూలదోసి ఖలీఫాలైనవారు అబ్బాసీలు. హనఫియా కొడుకు అబూ హాషిం తన నాయకత్వ హక్కును అబ్బాసీ కుటుంబానికి అప్పగించి చనిపోయాడని అబ్బాసీలు ప్రచారం చేసుకున్నారు. ఆ లెక్కన 747లో ఖొరాసాన్‌లో మెర్వ్ దగ్గర అబూ ముస్లిం ఎత్తిన నల్ల జెండాలు కైసానీ శాఖకు కొనసాగింపే. అతన్ని అబ్బాసీ ఖలీఫాయే చంపించేసరికి అతని చుట్టూ కూడా ‘చనిపోలేదు’ అన్న మాటలు పుట్టాయి, తిరుగుబాట్లు లేచాయి.

పారసీ అబూ ముస్లింనామాలో అతని ఆయుధం కత్తి కాదు, గొడ్డలి. అతని వెంట నడిచేవాళ్లు కమ్మరులు, చేతిపనులవాళ్లు, బజారు మనుషులు. వృత్తి సంఘాల్లో ఈ కథకు అంత గిరాకీ ఉండటానికి కారణం అదే. ఇరాన్‌లో షియా రాజులైన సఫవీలు గద్దెనెక్కడానికి తోడ్పడ్డ ఖిజిల్‌బాష్ యోధులూ దీన్ని ప్రాణంగా చూసుకున్నారు. రాజ్యం నిలదొక్కుకున్నాక మాత్రం అలీ కరకీ (మ. 1534) లాంటి పండితులు అబూ ముస్లింను ఇమాముల శత్రువుగా ఖండించారు, కథ చెప్పడం మీద ఆంక్షలు వచ్చాయి. తిరుగుబాటుకు పనికొచ్చిన కథ, తిరుగుబాటుదారు రాజయ్యాక ఇబ్బందిగా మారింది.

ఈ కథలను ఎవరు చెప్పేవారు?

మొదట మసీదు గుమ్మాల్లో, బజారుల్లో కూర్చునే ‘ఖుస్సాస్’, కథకులు. వీళ్ల మీద అధికారులకు ఎప్పుడూ అనుమానమే. హిజ్రీ 279లో (892) బాగ్దాదులో కథకులూ జ్యోతిష్కులూ దారుల్లో, మసీదుల్లో కూర్చోరాదని చాటింపు వేశారు. అంతకు మునుపటి కూఫా వృత్తాంతాలను అబూ మిఖ్నఫ్ (మ. 774) సేకరించాడు. 963లో బువైహీ పాలకుడు ముయిజ్జుద్దౌలా బాగ్దాదులో బజార్లు మూయించి ఆషూరా (ముహర్రం పదో రోజు) సంతాపాన్ని బహిరంగంగా జరిపించాడు. దానితో కథకు ఏటా ఒక తేదీ, ఒక వేదిక దొరికాయి.

12వ శతాబ్దంలో ఇరాన్‌లోని రయ్ నగరంలో రెండు రకాల కథకులు ఉండేవారని అబ్దుల్ జలీల్ ఖజ్వీనీ 1165 ప్రాంతంలో రాశాడు. అలీ ఘనతలు పాడే ‘మనాఖిబ్‌ఖ్వాన్’లు ఒక పక్క, మొదటి ఖలీఫాల గొప్ప చెప్పే ‘ఫజాయిల్‌ఖ్వాన్’లు ఇంకో పక్క. షానామా అనే పారసీ ఇతిహాసంలోని రుస్తుం, సొహ్రాబ్ కథలన్నీ అలీ వీరత్వాన్ని మరుగుపరచడానికి ఉమయ్యాలు పుట్టించినవేనని కూడా అతను వాదించాడు. ఆ వాదన చరిత్రగా చెల్లదు. కానీ రెండు వర్గాలూ ఒకే బజారులో ఒకే శ్రోతల కోసం పోటీ పడ్డాయని అది చెప్పకనే చెబుతుంది. 1089లో ముగిసిన పారసీ అలీనామా, షానామా ఛందస్సులోనే అలీ చేసిన జమల్, సిఫ్ఫీన్ యుద్ధాలను పాడటం ఆ పోటీకే ఇంకో రుజువు.

ఒక ఘట్టం పాతదో, తర్వాత చేరిందో ఎలా తేల్చాలి?

ఉదాహరణగా ఖాసిం పెళ్లిని తీసుకుందాం. ఖాసిం హసన్ కొడుకు, కర్బలాలో చనిపోయిన కుర్రవాడు.

మొదట తబరీని తెరవండి. అక్కడ సాక్షి హుమైద్ బిన్ ముస్లిం, శత్రు శిబిరంలో ఉన్నవాడు. కత్తి పట్టుకుని ఒక కుర్రవాడు బయటికి వచ్చాడు, ముఖం చంద్రుని ముక్కలా ఉంది, ఒంటి మీద చొక్కా, నడుముకు గుడ్డ, కాళ్లకు చెప్పులు, ఒక చెప్పు వారు తెగి ఉంది, అది ఎడమదని మరచిపోను అంటాడు. తర్వాత ఒక్క వేటు, ‘బాబాయ్’ అన్న కేక, అంతే. పెళ్లి ఊసు లేదు.

తర్వాత షేఖ్ ముఫీద్ (మ. 1022) రాసిన ఇమాముల చరిత్ర చూడండి. వీరు షియా పండితుల్లో అగ్రగణ్యులు. పెళ్లి ఉంటే వదిలేవారు కారు. అక్కడా లేదు.

ఆపైన హుస్సేన్ వాయిజ్ కాషిఫీ 1502లో (హిజ్రీ 908) హెరాత్‌లో పారసీలో రాసిన రౌజతుష్ షుహదా. పది అధ్యాయాలు. అందులో యుద్ధరంగం మధ్యే ఖాసింకు హుస్సేన్ కూతురితో పెళ్లి జరుగుతుంది. ఇరాన్‌లో సంతాప సభల్లో కథ చెప్పేవారికి ‘రౌజాఖ్వాన్’ అని పేరు పడింది ఈ పుస్తకం వల్లే.

కాబట్టి తెగిన చెప్పు వారు పాతది, పెళ్లి కొత్తది. వారు తెగిన సంగతి కల్పించడం వల్ల ఎవరికీ లాభం లేదు. పెళ్లి వల్ల సభలో ఏడుపు రెట్టింపవుతుంది. ‘ఈ వివరం ఎవరికి ఉపయోగం?’ అన్న ప్రశ్న ప్రతి ఘట్టానికీ వేసుకోండి.

అంకెలు కూడా వయసు చెబుతాయి. తొలి వృత్తాంతాల్లో హుస్సేన్ వైపు 32 మంది రౌతులు, 40 మంది కాల్బలం. అవతల ఉమర్ బిన్ సఅద్ తెచ్చిన సేన 4,000. తర్వాతి షియా రచనల్లో అది 30,000 అవుతుంది. మరీ ఆలస్యంగా వచ్చిన వాటిలో లక్షలు దాటుతుంది. అంకె ఎంత ఉబ్బితే కథ అంత చిన్నవయసుది.

రాతప్రతి మొదట్లో ‘రావియానె అఖ్బార్, నాఖిలానె ఆసార్’ అని ఉంటే అది సాక్ష్యపు గొలుసేనా?

కాదు. ‘వార్తలు చెప్పేవారు, గాథలు మోసుకొచ్చేవారు ఇలా అన్నారు’ అని కథ ఎత్తుకునే మామూలు పల్లవి అది. తబరీలో ‘ఫలానా అతను ఫలానా అతని నుంచి విన్నాడు’ అని పేర్లు ఉంటాయి. దాస్తాన్లలో ఆ పేర్లు అరిగి అరిగి ఈ ఒక్క వాక్యం మిగిలింది. పేర్లున్న గొలుసు, పల్లవి రెండూ ఒకే ప్రతిలో కనిపిస్తే పేర్లున్న భాగాన్ని విడిగా రాసుకోండి. పాత పొర అక్కడే దొరకవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కడ బోల్తా పడతారు?

అన్నిటికన్నా ముందు అబూ మిఖ్నఫ్ దగ్గర. ఆయన పేరుతో విడిగా అచ్చయి తిరుగుతున్న మఖ్తల్ పుస్తకం ఆయన అసలు రచన కాదు, తర్వాతి కాలపు జనరంజక కూర్పు. అసలు మాటలు తబరీలో, హిషాం ఇబ్న్ కల్బీ ద్వారా వచ్చిన ఉల్లేఖనాల్లో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి, కలిపి ఉటంకించకూడదు.

ఇంకోటి, లితో (రాతిపలక మీది) అచ్చు తేదీని రచనా కాలంగా తీసుకోవడం. పుస్తకం చివర నకలు రాసినవాడి వాక్యం ఆ నకలు తేదీనే చెబుతుంది, రచన తేదీని కాదు. దాస్తాన్ల కర్తగా పేరుపడ్డ అబూ తాహిర్ తర్సూసీ పేరు ఉన్నంత మాత్రాన ఆ దాస్తాన్ ఆయనదే అనుకోవద్దు. గిరాకీ ఉన్న పేరు గనుక చాలా కథలకు తగిలించారు.

అలీని పొగిడితే షియా రచనే అనుకోవడం కూడా పొరపాటే. కాషిఫీ హెరాత్ సున్నీ రాజుల కొలువున్న ఊరు. ఆయన మతశాఖ మీద ఆనాడే వాదులాడుకున్నారు.

హిజ్రీ ఏడాదిని క్రీస్తు శకంలోకి మార్చేదెలా?

హిజ్రీ అంకెను 0.97తో హెచ్చవేసి 621.6 కలపండి. 61 అయితే 59.2 + 621.6 = 680.8. 908 అయితే 880.8 + 621.6 = 1502.4. నెల తెలియకపోతే ఒక ఏడాది అటూఇటూ అవుతుంది కాబట్టి 1502–03 అని రాయడం మేలు. 622 కలిపేసి ఊరుకుంటే 10వ హిజ్రీ శతాబ్దానికి వచ్చేసరికి దాదాపు 27 ఏళ్లు తప్పుతారు.

హంజా కథ కూడా షియా కథేనా?

పుట్టుకలో కాకపోవచ్చు. 8–9 శతాబ్దాల్లో ఇరాన్ తూర్పు అంచున సీస్తాన్‌లో ఖలీఫా హారూన్ రషీద్‌ను ఎదిరించిన హంజా అనే ఖారిజీ నాయకుడి సాహసాలే ప్రవక్త చిన్నాన్న పేరు మీదికి మళ్లాయని కొందరు పండితుల అభిప్రాయం. ఖారిజీలు అలీకి బద్ధవిరోధులు. ఆ అభిప్రాయమే సరైనదైతే పేరొక్కటి కలవడంతో కథ శత్రువుల ఇంటి నుంచి ఇటు వచ్చి చేరిందన్నమాట.

ఇవి మన దక్కన్‌కు ఎలా వచ్చాయి?

పారసీ కథకులూ కవులూ గోల్కొండ, బీజాపూర్ కొలువులకు రావడంతో. ఇబ్న్ హుసామ్ 15వ శతాబ్దంలో పారసీలో రాసిన ఖావరాన్‌నామాలో అలీ తూర్పు దేశాల్లో రాక్షసులతో, మహాసర్పాలతో పోరాడతారు. దాన్ని రుస్తమీ అనే కవి 1649లో సుమారు 24,000 బైతుల (ద్విపదల) దక్కనీ కావ్యంగా మలిచాడు. రాయించింది బీజాపూర్ రాణి ఖదీజా సుల్తానా. ఆమె పుట్టిల్లు గోల్కొండ, అబ్దుల్లా కుతుబ్ షా తోబుట్టువు. కాషిఫీ పుస్తకాన్ని 18వ శతాబ్దంలో వలీ వేలూరి దక్కనీలోకి తెచ్చాడు. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఈ సంప్రదాయానికి రాజవేదిక.

పల్లెల్లో అది పీర్ల పండుగ అయింది. హసన్, హుస్సేన్, అబ్బాస్, ఖాసిం పీర్లు లేస్తాయి, హిందువులూ ఎత్తుకుంటారు, మలీదా పంచుతారు. తెలంగాణ పీర్ల పాటల్లో వినిపించే ‘దూలా’ అంటే దుల్హా, పెళ్లికొడుకు. ఆ పెళ్లికొడుకు ఖాసిమే. తబరీలో లేని పెళ్లి హెరాత్‌లో పుస్తకంలోకి ఎక్కి, దక్కనీ మీదుగా మన ఊరి గుండం చుట్టూ తిరుగుతోంది. అన్నట్టు, మనవాళ్లు గుర్రం అనుకునే దుల్‌దుల్ తొలి గ్రంథాల్లో ఈజిప్టు నుంచి ప్రవక్తకు కానుకగా వచ్చిన కంచర గాడిద.

‘హనీఫ్’ అని ఉంటే హనఫీ శాఖతో సంబంధమేనా?

లేదు. హనఫీ న్యాయశాఖ 767లో మరణించిన అబూ హనీఫా పేరు మీద వచ్చింది. మహమ్మద్ హనఫియా పేరు తల్లి తెగ నుంచి వచ్చింది. దక్కనీ, బెంగాలీ కథల్లో హనీఫ్, హనీఫా, హనఫియా అని రకరకాలుగా రాస్తారు. గ్రంథాలయ పట్టికల్లో వెతికేటప్పుడు మూడూ వెతకండి, ‘జంగ్‌నామా’ కింద కూడా చూడండి.